చేపపిల్లలకు దిష్టి తీసిన పెద్దమ్మ

మా బంధువులు నలుగురు చేరిన చోటల్లా ఒక కథ చెబుతారు. నేను లేబొరేటరీలో ఎండుమిరపకాయల పొగపెట్టి చేపపిల్లలన్నిటినీ చంపేశాననీ, విశాఖ నుంచి వచ్చిన పెద్దమనిషి దగ్గుకుంటూ నల్లపాడు స్టేషను దాకా పరిగెత్తాడనీ. చెప్పేవాళ్ళలో ఒక్కరూ ఆ రోజు అక్కడ లేరు. ఉన్నదాన్ని నేను. పొగపెట్టింది నేను కాదు, మా పెద్దమ్మ. చేపపిల్ల ఒక్కటి కూడా చావలేదు. (పెద్దమనిషి పరిగెత్తిన మాట నిజమే. అయితే స్టేషను దాకా కాదు, సైకిల్ స్టాండు దాకా.)

ఆ రోజుల్లో జువాలజీలో ఎమ్మెస్సీ చేసిన ఆడపిల్లకు మా వైపు రెండు దారులుండేవి. ఒకటి బి.ఎడ్. చదవడం, రెండోది ఇంట్లోవాళ్ళు తిట్టాక బి.ఎడ్. చదవడం. నేను రెంటినీ కాదని గుంటూరులో మా కాలేజీలోనే లవంగం మాస్టారి దగ్గర పరిశోధనలో చేరాను. ఆయనకు అమ్మానాన్నలు పెట్టిన మంచి పేరే ఉంది గానీ, ఆయన కంటే ముందు లవంగనూనె వాసన క్లాసులోకి వచ్చేది కాబట్టి మేం పెట్టిన పేరే నిలిచింది. నాన్న మాత్రం గడువు పెట్టాడు. "ఉగాదిలోపు నీ చేపలు తేలాలి. లేకపోతే బి.ఎడ్.కి నేనే అప్లికేషన్ పెట్టేస్తా." (చేపలు తేలితే మా పని అయిపోయినట్టేనని ఆయనకు చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.)

మా పని వినడానికి చిన్నదే. ఒంటిమీద చారలుండే బుల్లి చేపలు గుడ్లు పెడతాయి. ఆ గుడ్డు ఉడికిన సగ్గుబియ్యం గింజలా ఉంటుంది, లోపల పెరిగే పిల్ల అద్దంలో పెట్టినట్టు కనబడుతుంది. దాని గుండె కొట్టుకోవడం మైక్రోస్కోపులో చూసిన రోజు నేను అన్నం మర్చిపోయాను. కానీ పిల్ల కుదురుగా ఉండదు కదా, పరిశీలించాలంటే కాసేపు మత్తివ్వాలి. బయటి దేశాల వాళ్ళు వాడే పొడి మాకు ఓ పట్టాన దొరికేది కాదు. పంటినొప్పికి దూదిలో పెట్టుకునే లవంగనూనెతో పెద్ద చేపలు నిద్రపోతాయని తెలుసు. మరి గుడ్డులో పిల్లకు అది క్షేమమేనా? ఇదీ మాస్టారి ప్రశ్న. నిద్రపోవడం ఏముంది, ఎవరైనా నిద్రపోతారు. మళ్ళీ లేవాలి, లేచాక వంకర లేకుండా పెరగాలి. అందుకని మూడు గిన్నెలు పెట్టేవాళ్ళం. ఒకదాంట్లో ఉత్త నీళ్ళు, ఒకదాంట్లో నూనెను కరిగించడానికి వాడే స్పిరిట్ మాత్రమే కలిపిన నీళ్ళు, మూడోదాంట్లో లవంగనూనె. మొదటి రెండు గిన్నెల్లో పిల్లలు నిటారుగా పెరిగేవి. నా మూడో గిన్నెలో మాత్రం ప్రతిసారీ కొన్ని కొడవళ్ళలా వంగిపోయేవి, గుండె చుట్టూ నీరు చేరేది. "ఈసారీ ఇంతే అయితే మూసేద్దామమ్మా," అన్నారు మాస్టారు. చూసి తేల్చడానికి విశాఖ నుంచి ఓ నిపుణుణ్ణి కూడా పిలిచారు.

సరిగ్గా అప్పుడే పొదిలి నుంచి పెద్దమ్మ దిగింది. మా అమ్మకు అక్క. మిరప, పత్తి సొంతంగా వేయించే మనిషి. మిరపకాయలు కుక్కిన టిక్కీ బస్తాలు మార్కెట్ యార్డుకు తోలినప్పుడల్లా సరుకు అమ్ముడయ్యేదాకా మా ఇంట్లోనే మకాం. మధ్యాహ్నం నాకు క్యారేజీ తెచ్చే నెపంతో లేబొరేటరీకి వచ్చి మైక్రోస్కోపులో కన్నుపెట్టింది.

"ఓయమ్మో, ఇది కొట్టుకుంటందే! ఇంత నలుసుకి గుండేంటే!"

"అందుకేగా పెద్దమ్మా ఇంత జాగ్రత్త."

"జాగ్రత్తంటే ఇదా? కామర్స్ లెక్చరరు చూసిపాయె, ఆఫీసు గుమాస్తా చూసిపాయె, వాళ్ళ చుట్టాలు కూడా చూసిపాయె. పురిట్లో బిడ్డని ఇట్టా బజార్లో పెడతారంటే? దిష్టి తగిలింది వీటికి."

"ఇది సైన్సు, పెద్దమ్మా."

"మీ సైన్సులో వంకర్లు ఎందుకొచ్చినయ్యో చెప్పు మరి."

ఆ జవాబు కోసమేగా నా తంటాలన్నీ. అందుకే ఎక్కువ కోపం వచ్చింది.

నిపుణుడు వచ్చిన రోజు గుడ్లను మత్తునీళ్ళలో వేసి, గంట మోగే గడియారం పెట్టి, ఆయన్ను తీసుకురావడానికి ఆఫీసు గదికి వెళ్ళాను. ఆ కాస్త సందులో పెద్దమ్మ పని కానిచ్చేసింది. ఉప్పు, ఎండుమిరపకాయలు గుప్పిట పట్టి మూడు గిన్నెల చుట్టూ తిప్పి (పక్షపాతం లేదు, మూడింటికీ!), స్పిరిట్ దీపం మీద వైరుజాలీ పెట్టి దానిమీద పోసింది. సొంత చేలో పండిన కాయ, ఘాటుకు లోటేముంది? మేం తలుపు తీసేసరికి పొగ ఎదురొచ్చింది. నిపుణుడు గుమ్మంలోంచే వెనక్కి తిరిగారు. మాస్టారు కళ్ళజోడు ఒక చేత్తో, పంచె ఒక చేత్తో పట్టుకుని ఆయన వెనకాలే. లోపల గడియారం గంట మోగుతోంది.

పిల్లల్ని ఆ క్షణాన మంచినీళ్ళలోకి మార్చకపోతే మత్తు ఎక్కువైపోతుంది. ఆ తర్వాత మూసేయడమూ, బి.ఎడ్.డూ. చున్నీ ముక్కుకు చుట్టుకుని లోపలికి దూకాను. చేతికి అలవాటు కాబట్టి గాజుగొట్టంతో గుడ్లను మార్చేశాను గానీ, మైక్రోస్కోపులో చూద్దామంటే కళ్ళు ధారలు కట్టాయి. పెద్దమ్మ మాత్రం కల్లంలో కూర్చున్నంత తీరిగ్గా నిలబడి ఉంది, ఒక్క తుమ్మయినా లేదు.

"లే అవతలికి, నే చూస్తా. ... కొట్టుకుంటంది. ... దీనిదీ కొట్టుకుంటంది."

"కదులుతున్నాయా? అది చెప్పు ముందు!"

"అరవమాకే, లేస్తాయి! ... ఉండు. ... ఇదిగో, తోకాడించిందమ్మా నా తల్లి! ఇంకోటి! ఒసేయ్, అన్నీ లేస్తన్నయ్యే!"

నేను ఏడుస్తూ నవ్వాను. ఏడుపు మిరపకాయలదే, మళ్ళీ దానికింకో కథ అల్లకండి.

గుడ్లు పగిలాక చూస్తే అన్నీ నిటారుగా ఉన్నాయి. "పొగ లేకుండా మళ్ళీ చెయ్యండి," అన్నారు అందాకా ఊళ్ళోనే ఆగిన నిపుణుడు, న్యాయంగానే. ఆ పూట ఇంట్లో నేనూ పెద్దమ్మా వాదనకు దిగాం.

"నీ లెక్క ప్రకారమే దిష్టి లేదు. దిష్టుంటే ఘాటు రాదంటారుగా? ఊరంతా దగ్గింది."

"తీశాక ఇంకెక్కడుంటది?"

"అది కాదు పెద్దమ్మా! పొగకి ఎవరూ లోపలికి రాలేదు, అందుకే టయానికి తీశాను. రోజూ ఎవరో ఒకరు వచ్చి ఒక్కసారి చూపించమ్మా అంటారు, నేను గుండె చూపిస్తా కూర్చుంటా, ఇవేమో మత్తులోనే నానుతుంటాయి. దిష్టీ కాదు పాడూ కాదు, ఆలస్యం!"

పెద్దమ్మ నన్ను జాలిగా చూసింది. "పదిమంది వచ్చి చూట్టం వల్లేగా ఆలస్యం? నేనన్నదీ అదేగా!"

మర్నాటినుంచి తలుపు గడియపెట్టి చేశాం. పిల్లలు మళ్ళీ నిటారుగానే వచ్చాయి. ఉగాది వచ్చింది, వెళ్ళింది, నాన్న బి.ఎడ్. ఊసెత్తలేదు.

ఇప్పుడు మంగళగిరిలో ఆ జువాలజీయే చెప్పుకుంటున్నాను. మొన్నీమధ్య పెద్దమ్మకు గుంటూరులో పిత్తాశయం ఆపరేషనయింది. థియేటర్లోకి తీసుకెళ్ళేముందు నా చెయ్యి పట్టుకుంది. "ఎంతసేపు మత్తులో ఉంచుతారో కనుక్కోవే. నా చుట్టూ జనాన్ని మూగనియ్యమాక." చూడవచ్చిన చుట్టాలందరినీ కసిరి కాఫీకి తరిమాను. మత్తు డాక్టరుగారిని నేనడిగిన ప్రశ్నలకు, పాపం, ఆయనకే మత్తు కావలసి వచ్చింది. పెద్దమ్మ చక్కగా లేచి, కళ్ళు తెరవగానే, "కొట్టుకుంటందా?" అంది. కొట్టుకుంటోందన్నాను, నాది కూడా.

ఒక్క సంగతి ఆవిడకింకా చెప్పలేదు. స్ట్రెచరు కదిలేముందు, ఎవరూ చూడకుండా, ఉప్పూ మిరపకాయలూ ఆవిడ తల చుట్టూ తిప్పి, నా హ్యాండ్‌బ్యాగులో పడేసుకున్నాను. నేను, ఇన్నేళ్ళుగా పిల్లలకు సైన్సు పాఠాలు చెబుతున్న మనిషిని! లేచింది డాక్టరుగారి లెక్క కుదిరే అనుకోండి. కానీ ఆ మిరపకాయలు లేకపోయినా అంత చక్కగానూ లేచేదా? తేల్చాలంటే దిష్టి తియ్యని గిన్నె పక్కన ఉండాలి కదా, నేనింకో పెద్దమ్మను ఎక్కణ్ణుంచి తేను?