పగడాలకు బెట్ట పెట్టాను

నాలుగేళ్లుగా ఒక అబద్ధం మోస్తున్నాను. అది పెద్ద మాట కూడా కాదు. తల ఊపి ‘ఊఁ’ అన్నాను, అంతే. ఆ ఒక్క ‘ఊఁ’కి ఒక మనిషి చేతనైన పని మానుకుని కూర్చున్నాడు. ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు, మా అక్కకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు అడక్కండి. బత్తలపల్లె దగ్గర చీనీ మొక్కల, అంటే బత్తాయి మొక్కల, నర్సరీ నడుపుతానని మాత్రం చెప్తాను. ఈ పక్క నర్సరీలు చాలానే ఉన్నాయి, వెతికినా దొరకను.

మా వీధిలోనే మద్దిలేటన్న ఉంటాడు. ఇరవై ఏళ్లు ఓడల్లో ఎలక్ట్రీషియన్‌గా తిరిగి ఊరికొచ్చి, రైతుల బోరు మోటార్లూ స్టార్టర్లూ బాగుచేస్తూ బతికేవాడు. పెళ్లి చేసుకోలేదు. కోపం తక్కువ, చాదస్తం ఎక్కువ. ఆయన ముందు గదిలో మంచమంత పొడుగు గాజు తొట్టి ఉండేది. అందులో సముద్రం. బోరు నీళ్లు పనికిరావని ఫిల్టరు నీళ్లు పట్టి, బెంగుళూరు నుంచి తెప్పించిన ఉప్పు బకెట్లో కొలిచి కలిపి, ఆ నీళ్లలో పగడాలు పెంచేవాడు. ట్యాంకరు కోసం బిందెలు వరుస పెట్టే ఊళ్లో ఈయన ఇంట్లో సముద్రం చేసుకుంటున్నాడని జనం నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. “తిరపతికి పోయినోళ్లు లడ్డు తెస్తారు, నువ్వు సముద్రమే తెస్తివే అన్నా” అని మొహం మీదే ఎగతాళి చేశాను.

తొట్టి ముందు పీట వేసుకుని కూర్చున్న మొదటి రోజే నా నోరు మూతపడింది. అప్పటిదాకా పగడమంటే నాకు ఉంగరంలో రాయి. అది ప్రాణమున్నదని, వేల ప్రాణులు ఒకదాని పక్కన ఒకటి కట్టుకున్న ఊరని ఆయన చెప్పాడు. ఒక్కొక్కదానికి ఆవగింజంత నోరు. నోటి చుట్టూ వేళ్లు. నీళ్లు కదిలితే ఆ వేళ్లన్నీ ఒకసారి ఇటు వాలి, ఒకసారి అటు వాలేవి. ఒకటి కొమ్మలు కొమ్మలుగా ఊదా రంగులో ఉండేది. ఇంకొకటి ముడతలు ముడతలుగా పచ్చగా ఉండేది. అన్నిటికన్నా పెద్దది పళ్లెమంత ఉండేది, నారింజ రంగు. ఆరేళ్ల కింద అది బొటనవేలి గోరంత ముక్కగా, థర్మాకోల్ పెట్టెలో బస్సెక్కి వచ్చిందట. చేతిలో టీ చల్లారిపోయేదాకా చూస్తూ ఉండిపోయాను. ఇంత అందం ఎవరి కోసం? మనిషి పోని నీళ్లలో ఎవరు చూస్తారని ఇన్ని రంగులు? ఆ ప్రశ్న ఈ రోజుకీ నాకు తెగలేదు.

వాటికి వెలుతురే అన్నం. పగడం ఒంట్లో కంటికి కనపడనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. లైటు పడితే అది వండుతుంది, పగడం తింటుంది. లైటు మించిపోతే, పగడం ఆ వండిపెట్టేవాళ్లనే బయటికి నెట్టేసి ఆకలితో తెల్లబడిపోతుంది. ఇదంతా ఆయన ముందే చెప్పాడు. నేను వినలేదని రాయడం సులువు. విన్నాను. నమ్మలేదు. ఈ ఎండలో పుట్టి, ఈ ఎండలో మొక్కలు పెంచేదాన్ని, వెలుతురు ఎక్కువైతే ఏమవుతుందో నాకొకరు చెప్పాలా అనుకున్నాను. నా చెయ్యి మంచిదని, నేను నాటిన మొక్క చావదని నలుగురూ అంటారు. వినీ వినీ నేనూ నమ్మాను.

పాత ట్యూబులైట్లు కాలిపోతున్నాయని ఆయన కొత్త ఎల్‌ఈడీ లైటు తెప్పించాడు. దాని డబ్బాకు ఒక గుండ్రటి మీట, మీట పైన ఎర్రటి అంకెలు. సున్నా నుంచి నూరు దాకా తిప్పుకోవచ్చు. కొత్త వెలుతురుకు పగడాలు మెల్లగా అలవాటు పడాలని ముప్పై మీద పెట్టాడు. వారానికి ఐదు చొప్పున పెంచుతానన్నాడు. సరిగ్గా అప్పుడే ఆయన కళ్లల్లో శుక్లాలు ముదిరి, ఒక కంటికి ఆపరేషన్ కుదిరింది. కంట్లో దుమ్ము పడకూడదని పది రోజులు అనంతపురంలో వాళ్ల చెల్లెలింట్లో ఉండాలి. తాళంచెవి నా చేతికిచ్చాడు. ఇగిరిపోయిన నీళ్లు గీత దాకా నింపాలి, పగడాల మధ్య తిరిగే నాలుగు చేపలకు చిటికెడు మేత వెయ్యాలి. మీట జోలికి మాత్రం పోవద్దన్నాడు. అదొక్కటి రెండుసార్లు చెప్పాడు.

ఇక్కడ మీకు మా చీనీ తోటల పద్ధతి ఒకటి చెప్పాలి. చీనీ చెట్టుకు కడుపునిండా నీళ్లిస్తూ పోతే ఆకు కమ్ముకుంటుంది గానీ పూత రాదు. అందుకని నెల రోజులు నీళ్లు ఆపేస్తాం. దాన్ని బెట్ట పెట్టడం అంటాం. ఆకు వాడుతుంది, కొంత రాలుతుంది. తెలియనివాళ్లు చూస్తే చెట్టు పోయిందనుకుంటారు. అప్పుడు నీళ్లు వదిలితే చెట్టంతా తెల్లటి పూత విరుచుకుంటుంది. మా నాయన చెయ్యి పట్టి నేర్పిన విద్య ఇది. చెట్టును కాస్త కష్టపెట్టకపోతే చెట్టు ఇవ్వదు.

మూడో రోజు మధ్యాహ్నం పోయి చూస్తే పగడాలు మట్టిరంగుకు తిరిగి ఉన్నాయి. ముప్పై మీద గది కూడా గుడ్డిదీపం పెట్టినట్టుంది. నాకు జాలేసింది. మెత్తగా సాకి పాడుచేస్తున్నాడు, వీటికి కావలసింది బెట్ట అనుకున్నాను. కొంచెం గట్టి వెలుతురు చూస్తే రోషం వచ్చి రంగు తిరుగుతాయి, అన్న కట్టు విప్పుకుని వచ్చేసరికి తొట్టి పూతకొచ్చిన తోటలా ఉండాలి, ఇదెవరు చేశారమ్మా అని ఆయన అడగాలి. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నా మనసులో ఉన్నది పగడాలు కాదు. ఆ ప్రశ్న. మీట తిప్పాను. ఎర్ర అంకెలు ఎనభై చూపించాయి.

ఆ నిమిషం నేను చూసింది చెప్పకపోతే ఈ ఒప్పుకోలు సగమే అవుతుంది. వెలుతురు నీళ్లలోకి దిగి అలలతో కలిసి గోడల మీద, నా చేతుల మీద పాకింది. ఊదా కొమ్మల చివర్లు నీలంగా వెలిగాయి. నారింజ పళ్లెం నిప్పుల మీద పెట్టినట్టు మెరిసింది. నేను నేల మీదే కూర్చుండిపోయాను. దేవుడు ఇదంతా చేసి నీళ్లకింద దాచిపెట్టుకున్నాడే అనిపించి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేయకూడని పని చేసిన చేతులతోనే దండం పెట్టాను. జీవితంలో నేను చూసిన గొప్ప దృశ్యం అదే. అది నా తప్పులోంచే వచ్చిందని ఇప్పటికీ మనసు ఒప్పుకోనంటోంది.

రెండు రోజులు అలాగే వెలిగాయి. ఐదో రోజుకి వేళ్లు ముడుచుకున్నాయి. ఆరో రోజుకి రంగు పలచబడింది. అప్పుడైనా భయపడాలి కదా? నేను సంతోషపడ్డాను. ఆకు రాలుతోంది, ఇక పూతే అనుకున్నాను. ఏడో రోజు తెల్లదనం కొమ్మ కొమ్మకూ పాకితే పూత దిగిందని మురిసిపోయి దగ్గరగా మొహం పెట్టి చూశాను. అది పూత కాదు. ఒళ్లు గాజులా తేటబడి లోపలి ఎముక కనపడుతోంది. అంత తెల్లదనంలోనూ ఆవగింజంత నోళ్లు అలాగే తెరుచుకుని ఉన్నాయి. చావలేదు. ఆకలితో బతికే ఉన్నాయి. మీట గబగబా ముప్పైకి తిప్పాను. ఆ అంకె వచ్చింది గానీ రంగు రాలేదు.

పదో రోజు మద్దిలేటన్న బస్సు దిగి తిన్నగా ముందు గదిలోకే వచ్చాడు. నల్లద్దాలు తీశాడు. బాగైన కంటితో ఆయన మొదట చూడాలనుకున్నది తన పగడాలనే.

“తెల్లగుండాయా అమ్మా, లేకుంటే నా కొత్త కన్నుకు తెల్లగా కనపడతాండాయా?”

“తెల్లగానే ఉండాయన్నా.”

ఆయన వంగి అంకెలు చూశాడు. ముప్పై ఉంది.

“ఇంత తెల్లబడల్లంటే లైటు శానా ఎక్కువ ఉండల్ల. ముప్పై అనుకోని ఎనబై పెట్టిపోయినట్టుండా. ఆ మసక కండ్లకు మూడేదో ఎనిమిదేదో యాడ తెలుస్తాది. నువ్వు చూసి తగ్గిచ్చినావా?”

“ఊఁ.”

“మంచి పని చేసినావు తల్లీ. నువ్వు లేకుంటే అన్నీ పోతాండె.”

అంతే జరిగింది. నేను అబద్ధం కల్పించలేదు, ఆయనే కల్పించి నా చేతికిచ్చాడు, నేను తీసుకున్నాను. ఇలా అనుకుని కొన్ని నెలలు నెట్టుకొచ్చాను. ఎవరిని మభ్యపెట్టాలని? ఆయన అడిగినది ఒక్క ప్రశ్న. దానికి ‘లేదు’ అనడానికి పట్టేది కూడా అంతే సేపు.

నారింజ పళ్లెం పోయింది. దాని మీద పాచి పట్టి, ఒక్కొక్క నోరే మూసుకుంది. పగడం కోసం ఆయన ఏడవలేదు. కానీ రెండో వారంలో ఒక రైతు స్టార్టరు తీసుకొస్తే తిప్పి పంపేశాడు. అంకెనే తప్పు చదివినోణ్ని, తీగ రంగు తప్పు చూస్తే ఆ రైతు ప్రాణమే పోతాది అన్నాడు. రెండో కంటికీ ఆపరేషన్ అయింది. చూపు బాగుందని డాక్టరు చెప్పాడు. కన్ను బాగుండాది, నేనే బాగలేను అన్నాడు. స్క్రూడ్రైవర్లు, మీటరు మూటగట్టి అటక మీద పెట్టేశాడు. స్కూటరు కూడా తియ్యడం లేదు. తర్వాత మిగిలిన పగడాలనూ తొట్టినీ లైటునూ మనుషుల్ని పెట్టి మా ఇంటికి మోయించాడు. నీ చేతిలో అయితే బతుకుతాయమ్మా అన్నాడు. వద్దనాలి కదా? నేను పీట జరిపి చోటు చూపించాను.

బతికాయి. ఇరవై మీద మొదలుపెట్టి, వారానికి ఐదు చొప్పున, ఒక్కరోజు కూడా తొందరపడకుండా పెంచాను. మూడో నెలలో ఊదా పగడం కొమ్మ మొదట్లో చిన్న మరకలా రంగు కనపడింది. బయటికి నెట్టేసిన కాపురం తిరిగొచ్చింది. ఎక్కడి నుంచి వచ్చింది? ఏ మూలలో మిగిలి ఉంది? గోధుమ రంగు, తర్వాత లేత ఊదా, తర్వాత అప్పటి రంగే. ఎముక కనపడేదాకా ఎండబెట్టిన ప్రాణి, ఎండబెట్టిన చేతి కిందే మళ్లీ పూసింది. పగడానికి నా మీద కక్ష లేదు. దానికి నేనెవరో తెలియదు. వెలుతురు సరిగ్గా పడితే చాలు, దానికి.

మద్దిలేటన్న మధ్యాహ్నాలు మా ఇంటికొచ్చి తొట్టి ముందు కూర్చుంటాడు. అంకె ఎంతుందని నన్నడుగుతాడు. ఆయన కళ్ల ముందే వెలుగుతుంటుంది అంకె. అయినా నేను చదివితేనే నమ్ముతాడు. నేను యాభై అంటే యాభై. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా మీట ముట్టుకోలేదు.

ఈ ఎండాకాలం నా నర్సరీ బోరు స్టార్టరు కాలింది. ఆయన అప్పుడు మా ఇంట్లోనే ఉన్నాడు. చెప్పగానే లేచి నాతో వచ్చాడు. మెయిన్ ఆపించి, డబ్బా మూత తీశాడు. చెయ్యి దానంతటదే లోపలికి పోయింది. రెండు తీగలు పక్కకు తోసి మూడో తీగ దగ్గర వేళ్లు ఆగాయి. అక్కడ ఆగి, చెయ్యి వెనక్కి తీసుకుని లుంగీకి తుడుచుకున్నాడు. ధర్మవరం నుంచి మెకానిక్కును పిలిపించమ్మా, ఇది నేను చేసేది కాదు అన్నాడు. మెకానిక్కు వచ్చి గంటసేపు వెతికి మార్చింది ఆ మూడో తీగనే.

అప్పుడు చెప్పవచ్చు కదా? పక్కనే నిలబడి ఉన్నాను. నోటిదాకా వచ్చింది. ఆయన కోప్పడతాడని భయపడ్డానా? కోప్పడడు. పోనీలేమ్మా అంటాడు, నాకు తెలుసు. ఆ మాట ఆయన నోట వినే ముఖం నాకు లేదు. అదీ పూర్తి నిజం కాదు. తొట్టి పోతుందని, నా చేతికున్న పేరు పోతుందని కూడా భయమే. ఒక మనిషి బతుకును ఒక పక్క, నాకున్న మంచి పేరును ఇంకో పక్క పెట్టి నాలుగేళ్లు పేరునే ఎంచుకున్నదాన్ని. ఇంతకన్నా మర్యాదగా దీన్ని రాయడం నాకు చేతకాదు.

ఇక చెప్పేస్తానని మీకు మాటివ్వలేను. ఇచ్చి తప్పితే అదొక అబద్ధం. నోటితో ఎప్పుడూ అనని దాన్ని కాగితం మీద పెడితే ఎలా ఉంటుందో చూద్దామని కూర్చున్నాను. ఇంతదాకా రాసేసరికి ఊపిరి కొంచెం కిందికి దిగింది. మిగిలినది కూడా రాస్తాను.

లైటు పెంచింది నేను. మూడో రోజు మధ్యాహ్నం, ఈ చేత్తోనే, ఎనభైకి. మద్దిలేటన్న ముప్పై అని చదివి ముప్పైయే పెట్టి పోయాడు. శుక్లాలు కమ్మిన కళ్లతో కూడా ఆయన సరిగ్గానే చదివాడు.