జీపు తలుపు మీది సుద్దరాత

చాంద్‌పాషా ఆ రోజు చివరిగా చేసిన పనుల్లో ఒకటి, ఉట్నూర్ అడ్డా మీద తన జీపు తలుపు లోపలివైపు సుద్దముక్కతో ఏదో రాసుకోవడం. తర్వాత చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని, కరీంనగర్‌లో ఉన్న కూతురు యుమ్నాకు ఫోన్ చేశాడు.

"బేటీ, దొరికింది! నీ ఇంటికి చుట్టం దొరికింది!"

"అబ్బా, పరీక్ష డ్యూటీల ఉన్న. సాయంత్రం చేస్త," అని పెట్టేసింది యుమ్నా.

సాయంత్రం చేస్తే తోటి డ్రైవర్ పరశురాములు ఎత్తాడు. చాంద్‌పాషా సీట్లో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడని చెప్పాడు.

యుమ్నా కాలేజీలో తెలుగు చెబుతుంది. 'ఇల్లు' అనే మాట ఎక్కడ పుట్టిందని రెండేళ్లుగా ఒక వ్యాసం రాస్తూ సగంలో ఆగిపోయింది. తమిళంలో, పాత కన్నడలో 'ఇల్' ఉందని చదివింది. ఆ సంగతి రంజాన్‌కు ఇంటికి వచ్చినప్పుడు తండ్రి దగ్గర అనడమే పొరపాటయింది.

"తమిళం దాక ఎందుకే? గా మాటకు మన దిక్కు చుట్టాలే లేరా? నా జీపుల నాలుగు భాషలోల్లు ఎక్కుతరు. నేనడుగుత."

అప్పట్నుంచి వారానికి రెండు ఫోన్లు. మరాఠీ వాళ్లు 'ఘర్' అంటారట. "మనం గూడ గదే అంటం గద అబ్బా!" గోండులు 'రోన్' అంటారట. "దానికీ దీనికీ పొత్తు లేదు." ఆయన మాత్రం ఫికరే పడడు. "జర ఆగు, ఇంక ఊర్లున్నయి." ఒకరోజు విసుగెత్తి ఆమె అనేసింది: "తెలుగుల ఒక్క అక్షరం రాయరాదు, నాకు పాఠం చెప్తవా?" ఆయన నవ్వాడు. ఆయనది ఉర్దూ బడిలో ఐదో తరగతి. కూతురికి ఉర్దూ మాట్లాడ్డమే గానీ చదవడం రాదు. ఇద్దరి మధ్యా ఏనాడూ ఒక చీటీ నడవలేదు.

మూడోరోజు సమాధి దగ్గర జియారత్ ప్రార్థన అయ్యాక యుమ్నా కళ్లు వాకిట్లో జీపు మీద పడ్డాయి. బానెట్ నిండా ఎర్రదుమ్ము. రోజూ పొద్దున్నే కడిగే మనిషి, ఏమైందో! ఆమెకు ఎందుకో కోపం వచ్చింది. బకెట్ తెచ్చి కడిగింది. తలుపు లోపల వంకరటింకరగా తెలుగు అక్షరాలు కనిపించాయి. ఎవరి పిల్లలో గీసి ఉంటారనుకుని తడిగుడ్డతో తుడిచేసింది.

ఆ మధ్యాహ్నం పరశురాములు వచ్చాడు. "అన్నా, అబ్బా ఆ రోజు ఏం దొరికిందన్నడు?" అని అడిగింది యుమ్నా.

"నాకేమెరుక చెల్లె? తలుపు మీద సుద్దతోని ఏదో రాసుకుంటుండె. సూడలేదా?"

యుమ్నా పరుగెత్తింది. తలుపు మెరుస్తూ ఉంది. ఎన్ని అక్షరాలు? మొదటిది ఏది? కళ్లు మూసుకుని ఎంత తవ్వినా గుర్తు రాలేదు. ఫోను మీద, పరీక్ష మీద, చిన్నమాట కూడా చెప్పకుండా పోయిన తండ్రి మీద మంట లేచింది. ఆ మంటంతా తిరిగి తిరిగి చేతిలోని గుడ్డ మీదికే వచ్చింది.

నలభయ్యో దినం దాటాక, పరశురాములుతో అదే జీపులో, తండ్రి రోజూ బండి నడిపిన దారి వెంట తిరిగింది. ప్రతి ఊళ్లోనూ పాషా హారన్ గురించీ, పాషా జోకుల గురించీ చెప్పారు. మాట గురించి ఎవరూ చెప్పలేదు. ఆఖరున కొలాం గిరిజనుల గూడెంలో శంకరవ్వ అనే ముసలామె ఆమెను పైనుంచి కిందికి చూసింది.

"నువ్వేనా, తిట్టే టీచరమ్మవు?"

యుమ్నా తలవంచుకుంది.

"మా మాటల ఇంటిని 'ఎల్ల' అంటం. గది చెప్తే మీ బాపు ఎగిరి గంతేసిండు. 'మా బిడ్డకు నా చేత్తోటి రాసి సూపియ్యాలె, తెలుగు అక్షరాలు నేర్పు' అన్నడు. నాకు పెద్దోల్ల బడిల వచ్చినయి నాలుగే. అవే నేర్పిన."

"ఎప్పుడు నేర్పినవ్ అవ్వా?"

"జీపు నిండేదాక పొద్దు పోవాలె గద! మొదలు నీ పేరు నేర్పమన్నడు. యుమ్నా అని రాసుడు నాకే రాదు బిడ్డా. గందుకే 'ఎల్ల'తోని సరిపెట్టుకున్నడు."

"పలక ఉండెనా?"

"పలకేడిది? బానెట్ మీద దుమ్ముల ఏలుతోని దిద్దిచ్చిన. గా అక్షరాలు పోతయని వారం దినాలు జీపు కడగలే, మీ బాపు."