కళింగపట్నంలో లేవని పెట్టె

రిటైరవడానికి రెండేళ్ళ ముందు, సముద్రంలో వేట నిషేధం ముగియబోతున్న జూన్ మొదటి వారంలో, నన్ను శ్రీకాకుళం టెస్టింగ్ విభాగానికి మేనేజరుగా వేశారు. మేం చేసేది పడవల్లో పెట్టే చిన్న పెట్టె. ఆపదలో బొత్తాం నొక్కితే పడవ ఎక్కడుందో ఒడ్డుకు చెబుతుంది. నిషేధం ఎత్తేసిన రోజే అవి కళింగపట్నం పడవల్లో వెళ్ళాలి. రిలీజ్ నోటు మీద ఆఖరి సంతకం నాది.

కరెంటు తగలగానే పెట్టెలో మొదట లేచే చిన్న ప్రోగ్రాం బూట్‌లోడర్. అసలు ప్రోగ్రాంను సరిచూసి దానికి పని అప్పగిస్తుంది. కొత్త ప్రోగ్రాం ఎక్కుతుండగా కరెంటు పోతే పాతదాన్ని లేపాలి. దీన్ని ముందు ఎమ్యులేటర్‌లో, అంటే అచ్చం మా బోర్డులా నడుచుకునే కంప్యూటర్ ప్రోగ్రాంలో, పరీక్షిస్తాం. అందులో ఎన్నిసార్లు కరెంటు తీసేసినా బోర్డు పాడవుతుందన్న బెంగ లేదు.

సీనియర్ ఇంజనీరు పైడిరాజు రిపోర్టు తెచ్చాడు. అన్నీ పాస్. నాకది మింగుడుపడలేదు. తొలిసారే అన్నీ పాసైన బూట్‌లోడర్‌ను నా సర్వీసులో చూడలేదు. నిజంగా నడిపావా అని అందరి ముందూ అడిగాను. అతని మొహం ఎర్రబడింది.

"అనుమానముంటే సెప్పీండి సార్, మానీసి పోతాను" అన్నాడు.

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నాడే అనుకున్నాను. ఆదివారం ఎవరూ లేనప్పుడు వెళ్ళి పరీక్షలన్నీ మళ్ళీ నడిపాను. అన్నీ పాస్. సిగ్గుపడాల్సింది పోయి, ఎమ్యులేటర్‌నే ఏదో చేసి ఉంటాడని మరింత రగిలాను.

సంతకం ఆపి, మర్నాడు అతన్నీ ఒక పెట్టెనూ తీసుకుని కళింగపట్నం వెళ్ళాను. పడవ యజమాని ఎర్రయ్య పెట్టెను ఇంజను బ్యాటరీకే కలిపించాడు. మేం కొత్త ప్రోగ్రాం ఎక్కిస్తుండగా, ఇంజను స్టార్ట్ చేయబోతూ అతను బ్యాటరీ తీగ పీకి, టకటకా రెండుసార్లు తగిలించాడు. పెట్టె మీద లైటు ఆరిపోయి మళ్ళీ వెలగలేదు. ఏం చేశావయ్యా అని అరిచాను.

"ఏటి సేసినాను బాబూ? తీగ ఇలా ఆడిస్తే గాని ఇంజన్ లెగదు. ఇక్కడ అందరం ఇంతే."

పైడిరాజు తీగ తీసి, ఇరవై లెక్కపెట్టి, మళ్ళీ కలిపాడు. పాత ప్రోగ్రాం లేచింది. అప్పుడు అర్థమైంది. బూట్‌లోడర్ ఒకసారి సరిచూశాక, అంతా సరిగ్గా ఉందని మెమరీలో ఒక గుర్తు పెడుతుంది. ఆ గుర్తు కనిపిస్తే మళ్ళీ చూడదు. ఎమ్యులేటర్‌లో కరెంటు తీయగానే మెమరీ తుడిచిపెట్టుకుపోతుంది. నిజం బోర్డులో కాసేపు మిగులుతుంది. అంతలో తీగ తగిలితే, పాత గుర్తును నమ్మి సగం ఎక్కిన ప్రోగ్రాంను నడపబోయి బిగుసుకుపోతుంది. మా కొత్త ప్రోగ్రాంలు పడవ బయల్దేరే వేళకే ఒడ్డున ఉన్న టవర్ నుంచి పెట్టెలోకి దిగుతాయి. అంటే ఎర్రయ్య మూగపెట్టెతో సముద్రం మీదికి పోయేవాడు.

పెట్టెలు నిలిపేశాం. తిరుగుదారిలో, నిన్ను అనుమానించాను, తప్పే అని పైడిరాజుతో అన్నాను.

"తెలుసు సార్. ఆదివారం మీరు నడిపినట్టు మెషీన్‌లో ఉన్నాది. నేను రాసిన పరీక్షలే కదా మీరూ నడిపినారు?"

అన్నీ పాసైన రిపోర్టును అనుమానించడం మా వృత్తి. నేను రిపోర్టును వదిలేసి మనిషిని అనుమానించాను. రిపోర్టులో ఏ పరీక్ష లేదో ఒక్కసారీ వెతకలేదు. పైగా నింద అందరి ముందూ వేసి, తప్పు మాత్రం కారులో, ఇద్దరమే ఉండగా ఒప్పుకున్నాను.