గుండుతో రైలెక్కిన ఫార్వర్డ్

భారత జట్టులో చోటు దొరకాలని మొక్కుకుని మా ఫుట్‌బాల్ జట్టు ఫార్వర్డ్ తలనీలాలు ఇచ్చిందని మా కాలేజీ వాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. భక్తి కథలంటే జనానికి సులువు. ఆమె పక్కన ఫుట్‌బాల్ ఆడినదాన్ని, నేను ఒప్పుకోను.

తొంభైల్లో తిరుపతిలో మాకది డిగ్రీ చివరి ఏడాది. భారత జట్టు శిక్షణ శిబిరానికి ఆమెకు పిలుపు వచ్చింది. అదే వారంలో వాళ్ల నాయన పెళ్లిచూపులు పెట్టాడు. శిబిరానికి పోనీమని ఆమె ఎంత బతిమాలినా వినలేదు.

"కొండకు పోయొస్తాము, రా మే" అని నన్ను వెంటబెట్టుకుని వెళ్లింది. పెళ్లికాని పిల్లలు మామూలుగా జడ కొసన మూడు కత్తెర్లు ఇచ్చి వస్తారు. ఈమె మంగలి ముందు కూర్చుని జడ మొత్తం విప్పేసింది.

రేణిగుంటలో ఇంటి గడప దగ్గరే నాయన నిలేశాడు. "ఆదివారం పెండ్లోళ్లు వస్తావుండారు. ఇదేం అవతారమే?"

"సామికిచ్చినా నాయనా. పొయ్యి తిరిగి అడుక్కోనొచ్చేదా?"

గుండును తిడితే దేవుణ్ణి తిట్టినట్టే కదా! చూపులు వాయిదా పడ్డాయి. ఎవరు జాలిపడినా ఆమె గుండును అరచేత్తో తట్టుకుని నవ్వేది. "ఇంక తలతో కొడితే బంతి జారదు మే" అంటూ శిబిరానికి రైలెక్కింది.

భారత జట్టుకు ఆడింది. తర్వాత జీతమిచ్చే క్లబ్బుకూ ఆడింది. ఇప్పుడు ఆ నాయనే ఊరంతా మొక్కు కథ చెప్పుకుంటూ తిరుగుతున్నాడు. చెప్పుకోనీ. నాకు మాత్రం ఒక్క జవాబు కావాలి: కన్నకూతురి నోటిమాటకు ఆ ఇంట్లో లేని విలువ, ఆమె గుండుకు ఎట్లా వచ్చింది?