పదకొండు పేజీల రావులు

జువాలజీ డిమాన్‌స్ట్రేటరు వల్లూరుపల్లి రామకోటేశ్వరరావు మంచివాడే. కానీ 1974 వేసవిలో మూడు వారాలపాటు నా ప్రాణం తోడేశాడు. కాలేజీకి సెలవులైనా లైబ్రరీ అసిస్టెంటుని కాబట్టి నేను రావాల్సిందే.

కొల్లేటి కొర్రమీను పేగుల్లో ఉండే పురుగుల మీద ఆయన థీసిస్. గైడు దగ్గర్నుంచి కార్డు వచ్చింది. "ఈ పని ఇదివరకే రావు అనే ఆయనెవరో చేసి అచ్చువేయించాడని విన్నాను. వెతికి చూడు. నిజమైతే వేరే అంశం ఎంచుకో." నలభై రెండేళ్ళ మనిషికి వేరే అంశమంటే మళ్ళీ మొదటికొచ్చినట్టే.

మా కార్డుల్లో మనుషులు ఇంటిపేరుతో ఉంటారు. పరిశోధన వ్యాసాల విదేశీ సూచికల్లో పేరు చివరి ముక్కతో ఉంటారు. దాంతో అన్ని సంవత్సరాలూ కలిపి పదకొండు పేజీల రావులు తేలారు. పేరు పక్కన ఒక నంబరు తప్ప ఇంకేమీ ఉండదు. ఆ నంబరు పట్టుకుని వ్యాసాల సారాంశాలుండే ఇంకో సంపుటం తీస్తే ఒకాయన నత్తల మీద రాశాడు, ఇంకొకాయన వరి తెగుళ్ళ మీద.

"ఈ దరిద్రుడు కనబడితే చెంప పగలగొడతానండీ!" అనేవాడు మాస్టారు. ఒకటి రెండు సంవత్సరాలు వదిలేద్దామంటే ఒప్పుకోడు. వదిలేసిన దాంట్లోనే ఉంటాడంటాడు. నిచ్చెన ఎక్కి దిగేది నేను కదా, ఆయనకేం!

చివరికి 1968 సంపుటం ఒక్కటే మిగిలింది. అది వన్ టౌన్‌లో జక్కయ్య దగ్గర బైండింగులో ఉంది. ఏడాది నుంచీ "రేపిస్తానమ్మా" అంటున్నాడు. ఇద్దరం చెరో రిక్షా ఎక్కి వెళ్ళాం.

"ఇంకా కుట్టలేదండీ," అన్నాడు జక్కయ్య, ఏమాత్రం సిగ్గు లేకుండా.

విడి కాగితాలే నేలమీద పరిచి వెతికాం. దొరికాడు. రావు, వి. ఆర్. కొల్లేటి కొర్రమీను పురుగుల మీదే వ్యాసం, నాలుగు లైన్ల సారాంశం. మాస్టారి మొహం పాలిపోయింది. కింద చిన్న అక్షరాల్లో ఉన్న చిరునామా నేను చదివాను. విజయవాడ, మా కాలేజీ.

"మాస్టారూ, ఇది మీరే కదండీ!"

ఆయన కాగితాల కట్ట మీద కూలబడ్డాడు. 1967లో ఒక చిన్న వ్యాసం లండన్ పత్రికకి పంపాడట. జవాబు రాలేదట. చెత్తబుట్టలో వేశారనుకుని, సిగ్గేసి, ఎవరికీ చెప్పకుండా ఐదేళ్ళు పరిశోధన కోసం మైక్రోస్కోపు ముట్టలేదట. రెండేళ్ళ కిందటే మళ్ళీ మొదలుపెట్టాడు. వాళ్ళు ఉత్తరం రాసే ఉంటారు. కవరు మీద 'మిస్టర్ రావు' అని మాత్రమే ఉండుంటుంది. మా స్టాఫులో రావులు తొమ్మిదిమంది. ఎవరో విప్పి, తనది కాదని పక్కన పడేసి ఉంటారు.

నాకు నవ్వాగలేదు. "ఇంకేమండీ, మీ పని మీదేనని గైడుగారికి రాసేయండి," అన్నాను.

ఆయన నవ్వలేదు. ఆ నాలుగు లైన్లూ మళ్ళీ చదివాడు.

"బాగుందనే వేశారన్నమాట. ఐదేళ్ళండీ అమలమ్మగారూ, ఊరికే కూర్చున్నాను."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవర్ని తిట్టాలో మాత్రం తెలియలేదు.