కాశమ్మ ఎంచిన గుడారం

డెబ్బైల్లో గాజువాకలో అద్దెగదుల్లో ఉండి డ్యూటీలకు పోయే కుర్రాళ్లలో కాశమ్మ మెస్సు ఎరగనివాడు లేడు. ఆమె చేపల పులుసుకు ఎంత పేరో, ఆమె ఎత్తుకూ అంతే పేరు. సబ్బవరం పక్క పల్లెలో పద్నాలుగో ఏటికే తండ్రిని మించి ఎదిగిన మనిషి. పెళ్లిలో తాళి కట్టడానికి మొగుడు వరహాలు పీటెక్కాడని ఊళ్లో చెప్పుకునేవారు. ఆ మాట పుట్టించింది వరహాలే. పుట్టింటి పాక, అత్తింటి పాక, గాజువాక మెస్సు వసారా, అన్నీ వంగి దూరవలసినవే. నలభై ఐదేళ్లు వచ్చేసరికి గుమ్మం కనబడితే చాలు, ఆమె మెడ దానంతటదే వంగేది.

డెబ్బై ఎనిమిది అక్టోబరులో, రెండేళ్లుగా ఆమె చేతి తిండి తింటున్న సర్వే ఇంజనీరు రమణమూర్తి ఒక కబురు తెచ్చాడు. లంబసింగి దాటాక లోపలి కొండ పల్లెలకు రోడ్డు వెయ్యడానికి సర్వే. పదకొండు మంది మగాళ్లు, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడే మకాం. వంటమనిషి కావాలి.

"నువ్వొస్తే మా ప్రాణాలు నిలుస్తాయి అత్తా."

"ఆ సలిలోనా? తొంగోడం ఎక్కడ బాబూ?"

"గుడారంలో."

హార్బరు పనుల దగ్గర కాపలావాళ్ల గుడారాలు కాశమ్మ చూసింది. నాలుగు కాళ్ల మీద పాకితే తప్ప లోపలికి పోలేరు.

"అందులో దూరడానికి నానేటి కోడిపెట్టనా? వొస్తాను గానీ, నా గుడారం నానే ఎంచుకుంటాను. అందులో నాను నిటారుగా నిలబడాల."

వరహాలు హార్బరులో కళాసీ. "మరి నాలుగు నెల్లు నా కూడో?" అన్నాడు.

"మెస్సు మా సెల్లి సూసుకుంటాది. నువ్వూ అందరితోపాటు పంక్తిలో కూకో."

"అదీ బాగానే ఉంది. వడ్డించినప్పుడు నామీద అరిసీవోళ్లుండరు," అని వరహాలు ఒప్పేసుకున్నాడు.

మర్నాడే రమణమూర్తి ఆమెను పూర్ణా మార్కెట్ దగ్గర తాతబాబు టార్పాలిన్ల కొట్టుకు తీసుకెళ్లాడు. తాతబాబు ముందుగా ఒక చిన్న గుడారం తెచ్చి కొట్టు వెనక ఖాళీ జాగాలో నిలబెట్టాడు.

"సలికి సిన్నదే మంచిది అప్పా. ఒంటి వేడి బయటికి పోదు. ఒక్క మనిషి మోసుకుపోవచ్చు."

కాశమ్మ పాకుతూ లోపలికి వెళ్లి పడుకుంది. "బాబూ, నా కాళ్లు నీకు కనిపిస్తన్నాయా?" అని లోపల్నుంచి అడిగింది. మోకాళ్ల దాకా కనిపిస్తున్నాయి. రమణమూర్తి నవ్వాపుకోలేకపోయాడు.

రెండోదానికి నడుమ ఎత్తు బాగానే ఉంది. కానీ రెండు పక్కలా గుడ్డ నేలదాకా వాలిపోయింది. "నాను నడిమినే నిలబడాల. మిగతా జాగా పిల్లులకా?" అంది.

ఇంక లాభం లేదని తాతబాబు గోనెల కింద పడి ఉన్న పాత మిలిటరీ గుడారాన్ని ఈడ్చుకొచ్చాడు. బరువని ఎవరూ కొనక అట్టే ఉండిపోయింది. రెండు గుంజలు, నిలువు గోడలు, కప్పు మీద ఇంకో కప్పు. నలుగురు పట్టి లేపారు. కాశమ్మ అలవాటు చొప్పున వంగి లోపలికి వెళ్లింది. ఎంతసేపటికీ అలికిడి లేదు.

"ఏమైంది అత్తా?"

"ఏటీ అవలేదు. నిలబడ్డాను."

రమణమూర్తి తొంగి చూస్తే, ఆమె చెయ్యి పైకెత్తి, వేళ్లకు గుడ్డ అందడం లేదని చూసుకుని, చిన్నపిల్లలా నవ్వుకుంటోంది. అయినా మురిపెంలో పడి బేరం చెడగొట్టుకునే మనిషి కాదు. మిట్టమధ్యాహ్నం తలుపుగుడ్డలన్నీ మూయించి, చీకట్లో కప్పుకేసి చూసింది. ఏడు చోట్ల చుక్కల్లా వెలుతురు. ఏడు చిల్లులకూ మాసికలు వేయించి, మైనం రాయించి, మీద రెండు బిందెల నీళ్లు పోయించాకే సరేనంది.

కొండ మీద మొదటి తెల్లవారుజామునే తాతబాబు మాట నిజమైంది. చిన్న గుడారాల్లో మగాళ్లు వెచ్చగా నిద్రపోయారు. కాశమ్మకు పళ్లు టకటకలాడాయి. గొలుసు పట్టి దూరాలు కొలిచే జాన్‌బాబు టీ గ్లాసు అందుకుంటూ, "ఏటప్పా, మేడలో నిద్దర పట్టిందా?" అన్నాడు.

కాశమ్మ ఆ పూటే కొండవాళ్ల దగ్గర గడ్డి తీసుకుని మందంగా పరిచింది. దానిమీద గోనెలు పరిచి, ఒక మూల బొంతలు వేలాడదీసి పక్క పట్టేంత గది చేసుకుంది. గాలి దూరకుండా అడుగున చుట్టూ మట్టి ఎగదోసింది. పైన మాత్రం కొంచెం సందు వదిలింది. అంతా బిగించేస్తే ఊపిరి ఆవిరే తెల్లారేసరికి మంచులా కారుతుందని ఒక్క రాత్రికే తెలిసింది. పొయ్యి మాత్రం గుడ్డ ఇంట్లోకి రానివ్వలేదు. దానికి వేరే పాక వేయించింది. వారం తిరిగేసరికి ఆమెకు చలి మాటే గుర్తులేదు.

డిసెంబరు ఆఖరులో సముద్రంలో వాయుగుండం పట్టింది. కొండ మీద మూడు రోజుల ముసురు. చిన్న గుడారాల్లో భుజం తగిలినచోటా, పెట్టె ఆనినచోటా నీరు లోపలికి ఊరింది. రెండోరోజు మధ్యాహ్నానికి పక్కలన్నీ ముద్ద. పదకొండు మందీ మ్యాపుల గొట్టాలు నెత్తిన పెట్టుకుని కాశమ్మ గుమ్మంలోకి వచ్చారు.

"రండి, రండి. గోడకి మాత్తరం ఎవుడి ఒళ్లూ తగలకూడదు!" అని ఆమె హుకుం.

తడిసిన మ్యాపులు తాడు మీదికెక్కాయి. మనుషులు నడుమకు సర్దుకున్నారు.

మర్నాడు క్రిస్మస్. జాన్‌బాబు ఇంటికి వెళ్లవలసింది. భార్య దీవెనమ్మకు కబురు కూడా పెట్టాడు. దారి కొట్టుకుపోయి జీపు కదల్లేదు. పొద్దున్నుంచీ ఒక మూల ముడుచుకుని కూర్చున్నాడు.

"ఒరే తమ్ముడూ, పండక్కి మీ ఇంట్లో ఏటి సేత్తారు?" అంది కాశమ్మ.

"గులాబీ పూలు వండుతాం. వాటికి పిండిలో ముంచే అచ్చు గుత్తుండాలి కదప్పా."

కాశమ్మ గోనె నెత్తిన కప్పుకుని వంటపాకకు పరుగెత్తింది. బెల్లం కలిపిన పిండిని గరిటెతో నూనెలోకి జారవిడిచింది. ఒకటి తేలులా వచ్చింది, ఒకటి చెవిలా వచ్చింది.

"ఇవేం పూలప్పా?"

"కొండ పూలు. తిను."

జాన్‌బాబు తిన్నాడు. కళ్లు తుడుచుకుని, నవ్వి, లేచి నిలబడి కీర్తన ఎత్తుకున్నాడు. తెలిసినవాళ్లు గొంతు కలిపారు, తెలియనివాళ్లు చప్పట్లు కలిపారు. కీర్తనలయ్యాక ఊడుపు పాటలు, వాటి తర్వాత పడవ పాటలు. రమణమూర్తి కంచం మీద దరువు వేస్తే, కాశమ్మ కొంగు బిగించి అడుగేసింది. మిగతా పదిమందీ ఆమె చుట్టూ గొలుసు కట్టి తిరిగారు. బయట వాన దంచుతూనే ఉంది.

ఆ తర్వాత ఏటా చలికాలం వచ్చేముందు రమణమూర్తి ఆమెను పూర్ణా మార్కెట్‌కు తీసుకెళ్లేవాడు. గుడారాలన్నీ ఆమె చూసి సరేనన్నాకే జీపెక్కేవి. అయిదు చలికాలాలు అట్టే గడిచాయి.

ఎనభై నాలుగులో ఆ రోడ్డు మీద మొదటి బస్సు నడిచింది. కాశమ్మ, వరహాలు ముందు సీట్లో కూర్చున్నారు. మలుపు మలుపుకీ ఆమె కండక్టరును ఆపి చెబుతూనే ఉంది. "ఇక్కడే బాబూ, జాన్‌బాబు గొలుసుతో సహా వాగులో పడ్డాడు. అదిగో, ఆ బండ కాడ తేనెటీగలు మా ఇంజనీరు బాబుని తరిమినాయి."

"టిక్కెట్లు కొట్టనియ్యే!" అన్నాడు వరహాలు.

కండక్టరు మాత్రం బ్యాగు ఒళ్లో పెట్టుకుని ఆమె పక్కనే చతికిలబడ్డాడు. "తరిమితే? తరవాతేటయింది సెప్పు అప్పా," అన్నాడు.