మగ్గం మీద వినపడిందే హిట్టు

నగరిలో మరమగ్గాల షెడ్డు నడిపిన మా మామ పోయిన వారం కన్నుమూశాడు. ఫోన్లో అత్త ఏడుస్తూనే, "సూడప్పా, పొయ్యే ముందు గూడా ఆ పాటలు పెట్టమని నా పానం తీసినాడు" అంది. నాకు ఏడుపూ విసుగూ కలిసే వచ్చాయి. ఆయన బతికున్నప్పుడూ అంతే.

ఆ పాటలంటే ఒకే ఒక్క పాప్ గాయని హిట్స్. పెళ్లికి ముందు క్యాసెట్ కొన్నాడు. అది నలిగిపోతే అవే పాటలు సీడీలో కొన్నాడు. సీడీ అరిగిపోతే పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాడు. షెడ్డులో మగ్గాలు మొదలైతే పక్కవాడు అరిచినా వినపడదు. వాటిని మించి మోగాలని స్పీకర్లు పూర్తిగా పెంచేవాడు.

"మగ్గం మీద వినపడిందే హిట్టు. మిగతాదంతా ఉత్తిదే" అనేవాడు. ఆమెతోపాటు వచ్చినవాళ్లంతా కనుమరుగైనా ఆమె నిలబడిందంటే ఆ పైస్థాయి గొంతే కారణమట. కాదన్నామా, ఆ పూట అన్నం ముట్టడు. మీరే చెప్పండి, పాటల కోసం అలిగే మనిషితో ఎట్లా వేగేది? నన్ను చదివించింది ఆ షెడ్డే కాబట్టి నోరు మూసుకునేవాణ్ణి. ఆ రుణం తీరేది కాదు.

ఆ రొదకు ఆయన చెవులు పోయాయి. డాక్టరు చెవి మిషన్ ఇచ్చాడు. ఇంట్లో అది పెట్టుకుని మొదటిసారి నిశ్శబ్దంలో పాట విన్నాడు. వెంటనే పీకి పారేశాడు.

"ఇది ఆ పాట కాదబ్బా! యెవురో మధ్యలో ఏందేందో కలిపినారు!"

కలిపిందేమీ లేదు. ఆమె గొంతు తగ్గించి పాడిన చరణాలన్నీ ఇన్నేళ్లూ మగ్గాల మోతలో కలిసిపోయాయి. నా గొంతు ఆరిపోయేదాకా చెప్పాను. వింటేగా!

ఈ ఏడాది ఆమె తిరుపతిలో పాడటానికి వచ్చింది. కళ్లెదుట ఒక్కసారి ఆమె పాట వినాలన్నది మామకు మిగిలిన ఏకైక కోరిక. తీసుకెళ్లాను. మిషన్ పెట్టుకో మామా అని దారి పొడుగునా బతిమాలితే, జేబులో ఉందన్నాడు. జేబులో! మైదానంలో ఉన్న జనంలో సగం మంది ఆమె మొదటి పాట నాటికి పుట్టనైనా లేదు, అయినా ఒక్క ముక్క పొల్లుపోకుండా పాడుతున్నారు. మామ అదంతా తన ఘనతే అన్నట్టు మీసం దువ్వుకున్నాడు.

ఇంతలో ఆమె వాయిద్యాలన్నీ ఆపించి, మెల్లగా ఒక పాట ఎత్తుకుంది. మైదానమంతా ఊపిరి బిగబట్టింది.

"ఏమప్పా, యాల నిలిపేసింది? కరెంటు పోయిందా?" అని మామ గట్టిగా అరిచాడు.

జనమంతా మావైపు తిరిగారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆయన జేబులోంచి మిషన్ లాగి, నేనే చెవిలో పెట్టాను. ఆయన బిగుసుకుపోయాడు. రెప్ప వేయకుండా వేదిక వైపే చూశాడు. పాట అయిపోయాక నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఇన్నేండ్లూ ఈమె ఇట్లా గూడా పాడతా ఉండిందా? నాకు ఒక్క మాటైనా సెప్పలేదే నువ్వు?"

నేనా చెప్పనిది! కోపంతో నోరు తెరిచాను గానీ, ఆయన కళ్ల నిండా నీళ్లున్నాయి.

తర్వాతి పాట హోరుగా మొదలైంది. అందరూ లేచి గంతులేస్తున్నారు. మామ ఒక్కడే కుర్చీలో కూర్చుని, చెవిలో మిషన్ జారిపోకుండా అరచేత్తో అదిమిపట్టుకుని, చుట్టూ ఉన్న జనాన్నంతా కసురుతున్నాడు.

"సద్దు సెయ్యాకండబ్బా! ఆమె మెల్లగా పాడితే నాకు వినపడొద్దా?"